గమ్మునుండాది

మొన్న ఆదివారం మా అల్లుడు తన పెద్ద కారులో నన్నూ మా కూతురినీ ఎక్కించుకుని హిందూపురం నుంచి పుట్టపర్తి దారి పట్టించాడు. దర్శనానికి కాదు. ఎవరి దగ్గరో కొన్న ఆ బండి వెనకభాగంలో ఏదో ఊళ వినిపిస్తోందట, ఇన్నేళ్ళు షెడ్డు నడిపిన మామగారు వెనక సీట్లో కూర్చుని వింటే ఇట్టే తేల్చేస్తారని అతని నమ్మకం. నేనూ పాత దర్పం కొద్దీ అద్దాలు ఎత్తించి, పాట ఆపించి, ఏసీ కూడా కట్టేయించి, కళ్ళు మూసుకుని కొత్తచెరువు దాకా విని, బండి బంగారంలా ఉంది, నీదంతా వట్టి అనుమానం అని తీర్పు చెప్పాను. మర్నాడు సర్వీసు సెంటరులో ఒక అమ్మాయి బండి కింద నాలుగుచోట్ల చిన్న మైకులు తగిలించి ఒక చుట్టు తిప్పుకొచ్చి, వెనక హౌసింగులో బేరింగ్ అరుస్తోంది సార్, పాత ఓనరు అందులో పోయవలసిన ఆయిలు పోయలేదు, అని చెప్పింది. అల్లుడు మర్యాదస్తుడు, నా వైపు చూడలేదు. కూతురు మాత్రం నవ్వేసి, "నాయనా, నీ చెవి పోయింది" అంది.

దాని నవ్వులో తప్పేమీ లేదు, వయసుకు వచ్చే చెవుడు నాకూ వచ్చింది, అంతే. కానీ సరిగ్గా అదే మాట ఒకప్పుడు ఇంకొక మనిషిని అన్నారు, ఆనాడు అది అబద్ధం, ఆ అబద్ధం నాది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీలో ఎవరైనా ఆ కాలంలో మా వైపు నల్ల అంబాసిడరు టాక్సీలు ఎక్కి, ఆ సీట్లలో నలుగురి చోట ఎనిమిదిమంది ఇరుక్కుని తిరిగినవాళ్ళుంటే, మీకైనా చెప్పుకోవాలనిపించింది.

మా నాయన తమ్ముడిని ఇంట్లో మేమందరం చిన్నాయన అనేవాళ్ళం, వినీ వినీ ఊరంతా అదే పిలుపు పట్టుకుంది. లేపాక్షి రోడ్డు మీద ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. ఆ షెడ్డులో మిగతా పనులన్నీ అందరూ చేసేవే, ఒక్క పని మాత్రం ఆయన తప్ప ఎవరూ చేసేవారు కాదు, దాన్ని చెవి పెట్టడం అనేవాళ్ళం. బండి వెనకభాగాన్ని జాకీల మీద ఎత్తి, ఇంజను గేరులో వేసి చక్రాలు గాలిలో తిరుగుతుండగా, ఆయన గోనెపట్టా పరుచుకుని కిందికి దూరి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొన హౌసింగు మీద ఆనించి, దాని కొయ్యపిడికి చెవి ఆనించి వినేవాడు. హౌసింగు అంటే తెలియనివారికి చెబుతున్నాను, వెనక ఇరుసు నడుమ గిన్నె బోర్లించినట్టు ఉబ్బుగా ఉంటుంది చూడండి, అది. దాని లోపల క్రౌను అనే పెద్ద పళ్ళచక్రమూ, దాన్ని తిప్పే పినియను అనే చిన్న చక్రమూ నూనెలో మునిగి తిరుగుతుంటాయి. చిన్నాయన చెయ్యి పైకెత్తితే షెడ్డులో సుత్తి ఆగిపోయేది, రేడియో ఆగిపోయేది, పక్కన టీ అంగడివాడు కూడా గ్లాసులు కడగడం మానేసేవాడు.

ఆ శబ్దాల్లో ఎన్ని తేడాలో ఆయనే నాకు నేర్పాడు. ఆక్సిలేటరు తొక్కినప్పుడు ఊళ పెడితే పళ్ళ పొందిక చెడిందని, కాలు వదిలినప్పుడు పెడితే పినియను బేరింగు వదులైందని, మలుపులో మాత్రమే టకటకమంటే లోపలి చిన్న పళ్ళు అరిగాయని, ఎప్పుడూ ఒకేతీరుగా గొణుగుతుంటే అది చక్రాల బేరింగే గనక హౌసింగు జోలికి పోవద్దని చెప్పేవాడు. ఏ శబ్దమూ లేకపోతే కిందినుంచి బయటికి వచ్చి, మోచేతులు దులుపుకుంటూ ఒక్కటే మాట అనేవాడు, "గమ్మునుండాది" అని. ఆ ఒక్క మాటతో పుట్టపర్తి లాడ్జీలవాళ్ళు టాక్సీని తమ గేటులోకి రానిచ్చేవారు. వేరే కాగితం అక్కర్లేదు.

నూనె విషయంలోనూ ఆయనకు పట్టింపు ఎక్కువ. గేరుబాక్సులో పోసే తొంభై నంబరు నూనె, వెనక హౌసింగులో పోసే తొంభై నంబరు నూనె, డబ్బా మీద అంకె ఒకటే గనక ఒకటే అనుకుని తెచ్చి పోసేవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది. వెనక పోసేదాన్ని హైపాయిడ్ అంటారు, గంధకం కలిసి ఉంటుంది, మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. మనం ఏ డబ్బా తెచ్చినా చిన్నాయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు చుక్కలు రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుని, కంపు కొట్టకపోతే వెనక్కి పంపేసేవాడు. మా ఎండలకు నూనె నీళ్ళలా అయిపోతుందని నూటనలభై నంబరు చిక్కటి నూనె పోయమని అడిగేవాళ్ళకు, చిక్కగా ఉంటే మోత తగ్గుతుంది గానీ పినియను బేరింగు దాకా ఎక్కదని ఓపికగా చెప్పేవాడు. ఓపిక అయిపోతే తిట్టేవాడు.

నాకు అప్పుడు ఇరవైఆరేళ్ళు. పగలంతా షెడ్డులో చిన్నాయన దగ్గర పని నేర్చుకుంటూ, కిరాయి తగిలినప్పుడు నా సొంత టాక్సీ తోలుతూ ఉండేవాణ్ణి. ఆ ఏడు మా చేలల్లో శెనక్కాయ విత్తనం వేసినదే గానీ, వాన మొహం చాటేసి చెట్లు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగకముందే ఎండిపోయాయి, ఇంటిల్లిపాదికీ ఆ పాత అంబాసిడరే దిక్కు. పుట్టపర్తిలో ఒక లాడ్జీ ఆయన నవంబరులో స్వామి పుట్టినరోజుకు జనం దిగే ముందర నాకు మాట ఇచ్చాడు, బండి శబ్దం లేకుండా ఉండి, మీ చిన్నాయన చెవి పెట్టి సరే అంటే సీజనంతా నా మనుషులను నువ్వే తిప్పు అని. సరిగ్గా అప్పుడే నా బండి ఊళ మొదలుపెట్టింది.

చిన్నాయన విన్నాడు. పినియను బేరింగు పోతోంది, విప్పాలి, బెంగుళూరు నుంచి సామాను రావాలి, అన్నీ కలిసి పది పన్నెండు రోజులు అన్నాడు. నేను బతిమాలాను, సీజను అయ్యాక విప్పుదామన్నాను. ఆయన నా మొహం చూసి, "మనుషుల్ని ఎక్కించుకోని పోయే బండి రా అది, గమ్మున ఆడ నిలిపెయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊరందరికీ పెద్దమనిషివి, సొంత అన్నకొడుకు ఇల్లు గడవకపోతే నీకేం పట్టదా అని మనసులో అనుకున్నాను.

మడకశిర నుంచి మేకలు, గొర్రెలు తోలే ఒక లారీ డ్రైవరు, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడేవాడు, టీ అంగడి దగ్గర నాకొక ఉపాయం చెప్పాడు. వాళ్ళ వైపు పాత బండి అమ్మేముందు హౌసింగులో రంపపు పొట్టు పోస్తారట, నూనె పిండిలా చిక్కబడి పళ్ళ మధ్య మెత్తగా కూరుకుని మోత చచ్చిపోతుందట. నాకు రంపపు పొట్టు ఎక్కడిది? శెనక్కాయ మిల్లు వెనక మాత్రం పొట్టు కుప్పలు కుప్పలు. ఒక సంచి తెచ్చి, రోట్లో దంచి, మా అమ్మ పాత చీర ముక్కతో జల్లించి, రెండు దోసిళ్ళు నూటనలభై నంబరు నూనెలో కలిపి, పట్టపగలు మా ఇంటి వెనక బండి కింద పడుకుని పోశాను. మా అమ్మ అడిగితే బండికి మందు అన్నాను.

ఊళ నిజంగానే పోయింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, సిగ్గుగా ఉంది చెప్పడానికి. ధర్మవరంలో తెలిసినవాళ్ళ దగ్గర పాత హౌసింగు ఒకటి దొరికితే మొత్తం మార్చేశామని చిన్నాయనకు కోసేశాను. ఆయన నమ్మాడు, నేను ఆయనకు అంతవరకు అబద్ధం చెప్పి ఎరగను గదా. లాడ్జీ ఆయన కూడా వచ్చి నిలబడి ఉండగా, లేపాక్షి దాకా ఒక తిప్పు తిప్పి తెచ్చి జాకీలెక్కించాం. చిన్నాయన కిందికి దూరాడు, చెయ్యెత్తాడు, సుత్తులు ఆగాయి. చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒకసారి, "యాడనో శెనక్కాయలు ఏయిస్తాండారు రా" అన్నాడు. బోర్లున్నవాళ్ళకు కోతల కాలం, ఊళ్ళో ఏ వీధిలో చూసినా కాయలు వేయిస్తూనే ఉంటారు, టీ అంగడివాడే ఔనన్నాడు. ముక్కు పసిగట్టింది, కానీ ఆయన ముక్కును నమ్మలేదు, చెవినే నమ్మాడు. బయటికి వచ్చి మోచేతులు దులుపుకుని, "గమ్మునుండాది" అన్నాడు.

ఆరు రోజులు నడిచింది. ఏడో రోజు బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడనీ ఆమె కూతురినీ ఎక్కించుకుని కొత్తచెరువు దాటుతుండగా, ఏదో వేగిన వాసన వస్తోందని ఆ కూతురు అంది, నేను చేలల్లోనించి అన్నాను. ఇంకో మైలుకు వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి, బండి అడ్డం తిరిగి, కట్ట దిగి తుమ్మచెట్టును ఆనుకుని ఆగింది. పెద్దావిడ మణికట్టు విరిగింది. శెనక్కాయ మూటలు పోతున్న ట్రాక్టరు ఒకటి వాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయింది, ఆవిడ నొప్పిలో కూడా నువ్వు బాగున్నావా నాయనా అని నన్నే అడుగుతూ పోయింది. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. నేను చేసిందేమిటంటే, బండిని హిందూపురం రానివ్వకుండా లారీకి కట్టించి ధర్మవరం లాక్కుపోయి, మమ్మల్ని ఎవరూ ఎరగని షెడ్డులో విప్పించాను. లోపల పొట్టు మాడి నల్లటి అట్ట కట్టి ఉంది, బేరింగు దగ్గరికి చుక్క నూనె పోలేదు. అంతా కిరసనాయిలుతో నేనే కడిగేశాను. ఇంటికి వచ్చేసరికి లాడ్జీ ఆయన టాక్సీ స్టాండులో, ముసలాయనకు చెవులు పోయినాయప్పా అని చెప్పేసి ఉన్నాడు. చిన్నాయన ఏమంత ముసలివాడు కాదు, యాభైఐదో ఎంతో.

చిన్నాయన నన్ను తిట్టలేదు. షెడ్డు గుమ్మంలో కూర్చోబెట్టుకుని, లోపల ఏముందో చెప్పమన్నాడు. బేరింగు పొడిపొడి అయిందని చెప్పాను, అది నిజమే. దానికి ఆయన అన్న మాట ఇది.

"పగిలే బేరింగు గమ్మునుండదు రా. అరిసే ఉంటాది. నాకే ఇనపళ్ళేదు."

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఆయన నన్ను తన్నేవాడు, ఊరందరి ముందూ తన్నేవాడు, అంతటితో అయిపోయేది. తన్నులకు భయపడ్డానా, సీజను పోతుందని భయపడ్డానా, మనిషన్నవాడు ఇంత పని చేస్తాడా అని మా అమ్మ అనుకుంటుందని భయపడ్డానా, ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. చిన్నమ్మ పోరు పడలేక ఆయన అనంతపురంలో చెవి డాక్టరు దగ్గరికి కూడా పోయాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయని ఆ డాక్టరు చెబితే, తనను బుజ్జగించడానికి చెప్పినాడని ఆయన నమ్మలేదు. డాక్టరు మాట కంటే నా బండి మాటే ఆయనకు ఎక్కువైంది.

ఆ తర్వాత ఒక పొద్దున, అందరూ పనిలో ఉండగా, ఆ స్క్రూడ్రైవరు తెచ్చి నా చేతిలో పెట్టి, ఇంకమీద నువ్వే పెట్టు చెవి అన్నాడు. పుచ్చుకున్నాను. అదే చెబుతున్నాను మీకు, పొట్టు పోయడం కంటే, కడిగేయడం కంటే, అది పుచ్చుకోవడమే నా పెద్ద తప్పు. కొయ్యపిడి ఒకవైపు ఆయన చెవి తగిలి తగిలి నున్నగా, కొంచెం పల్లంగా అరిగి ఉండేది. నా చెవి అందులో సరిగ్గా కూర్చునేది. పోను పోను జనం నా మాట నమ్మారు, షెడ్డు నాదైంది, ఆ షెడ్డు మీదే కూతురిని చదివించాను, పెళ్ళి చేశాను. చిన్నాయన గుమ్మంలో కూర్చుని బేరింగులు కిరసనాయిలులో కడుగుతూ, నేను బండి కిందినుంచి బయటికి వచ్చినప్పుడల్లా, "ఏమంటాండాది?" అని అడిగేవాడు. నేను చెబితే తల ఊపేవాడు. ఒక్కొక్కసారి, నేను చెప్పకముందే, ఆ మూల నుంచే ఆయనకు వినపడిపోయిందని ఆయన మొహం చూస్తే తెలిసేది, కానీ ఆయన తన చెవి మాట తానే ఒప్పుకునేవాడు కాదు.

పదిహేనేళ్ళు పట్టింది నాకు ధైర్యం రావడానికి. అప్పటికి చిన్నాయన మంచాన పడ్డాడు. ఇంటినిండా చుట్టాలు, చిన్నమ్మ తలవైపు కూర్చుని ఉంది, గుమ్మంలో ఆడబిడ్డలు. నేను మంచం పట్టెమీద కూర్చుని, ఆయన చెవి దగ్గరికి వంగి, చిన్నాయనా ఆనాడు నీకు వినపడకపోవడం కాదు, నేనే శెనక్కాయ పొట్టు పోశాను అని మెల్లగా, స్పష్టంగా చెప్పేశాను. ఆయన నా వైపు కళ్ళు తిప్పాడు.

"ఏమంటివి? గట్టిగా చెప్పప్పా, ఇనపళ్ళేదు."

అప్పటికి నిజంగానే పోయాయి చెవులు. చిన్నమ్మ, గట్టిగా చెప్పు నాయనా, ఈ మధ్య అరిస్తే గానీ వినపడడం లేదు అంది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ మాట ఇంకోసారి అరిచి చెప్పాలంటే అందరికీ చెప్పాలి. నేను ఆయన చెవిలో గట్టిగా, ఏం లేదు చిన్నాయనా, బాగున్నావా అంటి, అన్నాను. బాగుండానని తల ఊపాడు. మళ్ళీ నెలకు పోయాడు.

ఇప్పుడు బండ్లకు చెవి పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఏ నూనె పోయాలో డబ్బా మీదే బండి పేరుతో సహా రాసి ఉంటుంది, వేళ్ళ మధ్య రుద్ది వాసన చూసే పని లేదు, మైకులు తగిలించిన ఆ అమ్మాయి మాటను ఎవరూ కాదనలేరు, తెరమీద గీతలు కనబడుతుంటాయి గదా. ఒక మనిషి చెయ్యెత్తితే వీధిలో సుత్తులు ఆగిపోవడం మాత్రం మళ్ళీ నేను చూడను. ఆ స్క్రూడ్రైవరు మా ఇంట్లో బీరువాలో ఉంది. మొన్న తిరిగి వచ్చాక తీసి చెవికి ఆనించుకున్నాను, చల్లగా తగిలింది, అంతే.

సర్వీసు సెంటరు నుంచి వస్తుండగా ముందు సీట్లోంచి మా కూతురు వెనక్కి తిరిగి నాతో ఏదో అంది. పెదవులు కదిలాయి గానీ మాట అందలేదు. ఏమంటివి, గట్టిగా చెప్పమ్మా అన్నాను. అది ఒకసారి భర్త వైపు చూసి, ఏం లేదులే నాయనా అని ముందుకు తిరిగి కూర్చుంది. నేనూ గమ్మునుండిపోయాను.