ఒడవని సీరియల్ మీద ఇచ్చిన మాట

పోయిన ఆదివారం అన్నం తినుకుంట మా కొడుకు, ఓటీటీ చందా రేటు మళ్ల పెంచిండ్రనీ, బట్ట నేసే సాంచాలు వారానికి నాలుగు దినాలు గూడ నడుస్తలేవనీ, ఈ నెలతోని అది బంద్ పెట్టిస్తననీ అన్నడు. వాని మాటల తప్పేం లేదు, సాంచ నడిపేటోని కూలి ఎంతనో మాకు తెల్వనిదా! కానీ బీడీలు చుట్టే చాట ఒళ్లె పెట్టుకొని కూసున్న నాకు చేతులాడలే. ఆ చందా మీద నేనొక మాట ఇచ్చి ఉన్న, ఇచ్చింది బతికున్న మనిషికి కాదు.

నా ఈడోళ్లకు ఎరుకే ఉంటది, ఆ రోజులల్ల మా నేతగాళ్ల వాడకట్టుకంతా సాంచాలున్న ఆసామి ఇంట్ల ఒక్కటే టీవీ, ఆదివారం దాన్ని అరుగు మీద పెడితే చిన్న పెద్ద అందరం వాకిట్ల కూలబడి చూసేటోళ్లం. సాంచ చప్పుడుకు మా ఆయన చెవులు సగం పోయినయి, అయినా ముందటి వరుసల కూసోని, నోళ్లు కదిలేది చూసే కథంత పట్టేటోడు. వానొచ్చి అందరం ఉరికినా టవాల నెత్తిన కప్పుకొని ఆడనే కూసునేటోడు. కథ ఒడవకముందే, ఆఖరు చూడకుండ లేస్తే అన్నం అరగదనేది ఆయన మాట. నాకు నొప్పులు మొదలైనయని కబురు పంపితే, జర ఆగుమను, ఒడవొచ్చింది అన్న మొండిఘటం! ఆ ఒక్క మాటకు బతికినన్ని దినాలు ఎత్తిపొడిచిన.

ముసలితనంల కొడుకు చందా కట్టిస్తే, అన్నదమ్ముల భూమి తగాదా సీరియల్ ఒకటి పట్టుకున్నడు. ఇంక మూడు భాగాలు ఉన్నయనంగ, ఒకనాడు పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగిండు, మళ్ల లేవలే.

మూడోనాడు పిట్టకు పెట్టినం. పోయినోళ్లకు ఇష్టమైనయన్నీ ఇస్తరాకుల పెట్టి, కాకి ముట్టేదాక ఎదురుచూసుడు మా ఆచారం, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. కూర, కల్లు, బీడీలు అన్ని పెట్టినం. కాకులైతే వచ్చినయి, గోడ మీద వరుసగ కూసున్నయి, కానీ ఒక్కటి అరవలే, ఒక్కటి దిగలే, అన్ని మా దిక్కే చూసుకుంట కూసున్నయి. అవ్వను మంచిగ చూసుకుంట బాపూ అని కొడుకు ఏడ్చిండు, తోడబుట్టినోళ్లు దండం పెట్టిండ్రు. ఎండ నెత్తి మీదికొచ్చింది. అప్పుడు నాకు తెల్వకుండనే నా నోట్లెకెళ్లి, సీరియల్ల మిగిలింది నేను చూసి ఒడిసేదాక నీకు చెప్త, తిను అని వచ్చింది. మాట పూర్తి గాకముందే ఒక కాకి దిగి ముద్ద ముట్టింది.

ఆ మూడు భాగాలు చూసి, పటం ముందట కూసోని చెప్పిన. కానీ అది ఒడిస్తే గదా! ఆఖరుకు కొత్తోడు ఎవడో వచ్చిండు, మిగిలింది వచ్చే ఏడు అన్నరు. ఇట్ల నాలుగేండ్లు. కొత్తది రాని దినాలల్ల పాతదే మళ్ల చూసి చెప్పేదాన్ని. చెప్తుంటే సాంచ నూనె వాసన వచ్చేది. ఇంట్ల సాంచ లేదు, ఆయన అంగీలు గూడ ఎప్పుడో పంచిపెట్టినం, అయినా నా భుజం పక్కకెళ్లి వచ్చేది. మొదట్ల భయమయ్యేది. తర్వాత తర్వాత, అది జర ఆలస్యమైతేనే భయమయ్యేది.

అట్లని పిల్లల నోటికాడి కూడు తీసి మాట నిలబెట్టుకుంటనా? మంగళారం వాడు బంద్ పెట్టినంక పటం ముందట కూసున్న. అన్నదమ్ములు కలిసిండ్రు, భూమి పంచుకున్నరు, ఒక్క బంతిల కూసోని తిన్నరు, అయిపోయింది అని చెప్పిన. ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే. వాసన చానాసేపు కదలలే. నమ్మిండో, నా మొఖం చూసి పసిగట్టిండో, మెల్లగ తలుపు దిక్కు పోయింది.

ఆ కాలంల కథ ఒడిసేది, మనుషులు బట్టలు దులుపుకొని లేచి ఇండ్లకు పోయేటోళ్లు. ఇప్పటి కథలు పైసలు కట్టినన్నాళ్లు నడుస్తనే ఉంటయి, సచ్చినోళ్లను గూడ పోనియ్యవు. ఫికర్ పెట్టుకున్నవా అవ్వా అని కొడుకు అడిగితే లేదన్న. మీకైతే నిజం చెప్త, ఇన్నేండ్లు చందా కట్టిచ్చింది మాట కోసం కాదు, ఆయన ఇంట్ల ఉంటడని. మా ఆయన నాలుగేండ్ల కింద పోయిండని వాడకట్టంతా అనుకుంటది. ఆయన పోయింది మొన్న మంగళారం, నేనే పంపిన.