పర్మనెంట్ అయిన మనిషి

పక్క ఫ్లాట్ అంకుల్ పోయారని మా ఆవిడ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది. ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. రెండువేల తొమ్మిది వచ్చినా ఆయన ఎదురుచూసిన చట్టం ఇంకా ప్రతిపాదనగానే ఉంది మరి.

వైటూకే కంప్యూటర్ పని మీద నేను సింగపూర్‌లోని యూ టీ పేటలో దిగేనాటికే ఆయన ఇరవై ఏళ్లుగా షిప్‌యార్డులో ఫోర్‌మన్. తెలుగు మాట వినపడితే చాలు, లిఫ్ట్ తలుపు కాలితో ఆపి మరీ ఊరు అడిగేవారు. ఇక్కడ పౌరులది గులాబీ కార్డు, ఓటుంటుంది. శాశ్వత నివాసులది నీలం కార్డు, ఓటుండదు. ఆంటీ గులాబీకి మారారు, ఆయన మారలేదు. పోలింగు రోజున ఆంటీని బడిదాకా దింపి గేటు బయట నిలబడేవారు.

"మీరూ తీసుకోవచ్చుగా అంకుల్?"

"రెండూళ్లలో పెళ్లికొడుకునవ్వనా ఏంటండీ? నా ఓటు మా ఊళ్లో ఉందండి, ఆయ్!"

ఆ ఓటు వేయడానికి ఒకసారి సెలవు పెట్టి వెళ్లారు. జాబితాలో పేరు లేదు. అంతకుముందు ఓటర్ల విచారణకని ఇంటికొచ్చిన గుమస్తాతో ఆయన తమ్ముడు, "మా అన్నయ్యకి సింగపూర్‌లో పర్మనెంటైందండి" అని గొప్పగా చెప్పాడట. మనకి పర్మనెంట్ అవడమంటే ఉద్యోగం ఖాయమవడమే కదా! ఆ గుమస్తా మహానుభావుడు మాత్రం అక్కడి పౌరుడైపోయాడని రాసి పేరు కొట్టేశాడు. అంకుల్ వెళ్లి తన భారత పాస్‌పోర్టు వాడి చేతికిస్తే తెరిచైనా చూడలేదు. రెండు పేజీలు తిప్పడానికి వాడికేం పోయేకాలం?

నేనేం తక్కువ తిన్నానా? "పోనీలెండి, ఒక్క ఓటేగా" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నీకు ఒక్కటేనయ్యా. నాకున్నదే అదొక్కటి."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మా కంప్యూటర్ ముందుకొచ్చేవారు. "పై దేశాల్లో ఉన్న మన పౌరులకీ ఓటిస్తారంటున్నారు, ఏవైందో చూడవయ్యా." ఇంకా ప్రతిపాదనే అంకుల్, అనేవాణ్ని. ఇక్కడివాళ్లు కోపీ అనే కాఫీ తాగి వెళ్లిపోయేవారు. ఇన్నేళ్లూ నాచేత అదే మాట చెప్పించినందుకు ఆ ఢిల్లీ పెద్దలందరి మీదా నాకు కోపం. విసుక్కుంటూ చెప్పినందుకు నా మీదా కోపమే.

పోయిన వారం ఆంటీతో కలిసి పాస్‌పోర్టు పట్టుకుని మన దేశ హైకమిషన్ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి దాన్ని తెరిచి, చూసి, పది నిమిషాల్లో మరణ పత్రం రాసిచ్చింది. ఆంటీ వేలు ఒక వరుస దగ్గర ఆగింది.

"ఇదేంటి బాబూ?"

"పౌరసత్వం, భారతీయుడు అని ఉందాంటీ."

"ఎవరూ కాదనలేదా?"

"లేదాంటీ."

ఆవిడ ఆ మాట మీంచి వేలు తీయలేదు. అమ్మాయి అప్పటికే రద్దు చేయడానికి కత్తెరతో ఆయన పాస్‌పోర్టు మూల కత్తిరిస్తోంది.