వంగపండు రంగు తలుపు

మా అమ్మమ్మ తలుచుకుంటే ఇంద్రధనుస్సుకున్న ఏడు రంగులూ పొద్దున్నే ఊడగొట్టి, మధ్యాహ్నానికల్లా కింద రేకు ఎంత మందమో చెప్పగలదు. ఇంద్రధనుస్సుకి రేకుండదు కదా అంటారేమో. ఆవిడ చేతికి ఇంకా చిక్కలేదు కాబట్టి అలా అంటున్నారు.

ఆవిడ పని పాత కార్లకి రంగు వలవడం. కారును కొత్తగా చెయ్యాలన్నా, పందేనికి దింపాలన్నా ముందు పాత రంగూ పుట్టీ తుప్పూ పోవాలి. ఇంజనూ సీట్లూ అద్దాలూ పీకేసిన ఒట్టి డొక్కును మా షెడ్డుకి తెస్తారు. అమ్మమ్మ మోచేతుల దాకా రబ్బరు తొడుగులేసుకుని, ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టుకుని, గంజిలా చిక్కగా ఉండే మందును కుంచెతో పూస్తుంది. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి కూర్చుంటుంది. కాసేపటికి రంగు పాల మీద మీగడలా ముడతలు పడి లేస్తుంది. దాన్ని గీకి, కడిగి, ఆరబెట్టి, పొద్దు వాలేలోగా ప్రైమరు అనే అడుగు పూత కొట్టెయ్యాలి. లేకపోతే తుప్పు పడుతుంది. రేకుకి సిగ్గెక్కువనీ, ఒంటి మీద ఏమీ లేకుండా ఒక్క పూట కూడా ఉండలేదనీ అంటుంది అమ్మమ్మ. ఆ మాట వినగానే తాతయ్య పేపరు చాటుకి వెళ్లిపోతాడు.

ముప్ఫై ఒక్కేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో తయారైన కారు ఒక్కటి కూడా ఆవిడ చూడలేదు. డొక్కు మా దగ్గర్నుంచి రంగులవాడి దగ్గరికి, అక్కడ్నుంచి మెకానిక్కు దగ్గరికి, అటునుంచి అటే సొంతదారు ఇంటికి పోతుంది. పురుడు పోసిన మంత్రసానిని పెళ్లికి పిలిచేదెవరు? రోడ్డు మీద ఏ పాత కారు మెరుస్తూ పోయినా అమ్మమ్మ ఆగిపోతుంది. అది మనదేనంటావా అని నన్నడుగుతుంది. అన్నిటినీ బట్టల్లేకుండానే చూశావు, బట్టలేసుకుంటే ఎలా గుర్తుపడతావని నేను ఏడిపిస్తాను. ఆవిడ వినిపించుకోదు. కారు మలుపు తిరిగేదాకా అలాగే చూస్తుంది.

పిలిచిన మనిషి ఒక్కతే, పళ్ల డాక్టరమ్మ. వారమంతా పళ్లు పీకి, సెలవు రోజు పాత కార్ల పందేలకి వెళ్తుంది. తన కారు వలవడానికి ఇచ్చినప్పుడు, తయారయ్యాక పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మైదానం చుట్టూ తిప్పుతానని అమ్మమ్మకి మాటిచ్చింది. ఆ పూట అమ్మమ్మ చివరి తలుపు వలుస్తూ ఏం రంగు వేయిస్తావని నాలుగు సార్లడిగింది. వంగపండు రంగని డాక్టరమ్మ నాలుగు సార్లూ చెప్పింది.

రెండు నెలలకి కబురొచ్చింది. మర్నాడు సాయంత్రం కారు లారీ ఎక్కి పందెం జరిగే దూరపు ఊరికి పోతుంది. మర్నాడు సర్దుకోవడంతోనే సరిపోతుంది, చూడాలంటే ఈ పొద్దున్నే రావాలి. అమ్మమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. ముప్ఫై ఒక్కేళ్ల మందు వాసన పోవాలని రెండు సార్లు స్నానం చేసింది. అయినా పోలేదు.

మైదానం మధ్యలో నిలబెట్టారు కారును. ఎండలో ఊదాగా, నీడలో నల్లగా, తడిసినట్టు ఉంది. అమ్మమ్మ చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగింది. షెడ్డులో వట్టి చేత్తో రేకు తాకితే చెమటకి తుప్పొస్తుంది, ఆ అలవాటు. ముట్టుకో పెద్దమ్మా, ఇప్పుడేం కాదని డాక్టరమ్మ నవ్వింది. అమ్మమ్మ బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత తను ఎక్కబోయే పక్క తలుపు అంచు వెంట వేలితో రాసుకుంటూ పోయింది. వేలు కింది మూల దగ్గర ఆగింది.

వంగి చూశాను. ఆవగింజలంత పొక్కులు మూడున్నాయి.

తలుపు అంచు దగ్గర పైరేకు లోపలికి మడిచి ఉంటుంది. ఆ మడతలోకి మందు దిగితే మామూలు కడుగుడికి రాదు. నెలల తర్వాత కొత్త రంగును కిందనుంచి పైకి తంతుంది. అందుకే అంచుకి టేపు వేసి, అక్కడ మందు లేకుండా చేత్తో గీకాలి. నాకు ఆ మాట వెయ్యి సార్లు చెప్పిన మనిషి, రంగు ఏమిటని అడుగుతూ అడుగుతూ చివరి తలుపుకి టేపు మరిచిపోయింది.

మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. డాక్టరమ్మ ఇంజను చప్పుడు వింటోంది. ముందు ఎక్కు, తిరిగొచ్చాక చెప్దువుగానీ అని చెవిలో గొణిగాను. అమ్మమ్మ ఆ సీటు వంక చూసింది. మెకానిక్కు ఇంజను సరిచూడ్డం ముగించి, తిరగడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మడత విప్పి, కడిగి, ఆరబెట్టి, పొద్దు ఉండగా ప్రైమరు వెయ్యడం ఇక కుదరదు. అది ఈ పూట పడకపోతే రేపు సాయంత్రం లారీకి రంగేసిన తలుపు అందదు, తలుపు లేని కారును పందెంలో దిగనివ్వరు.

"డాక్టరమ్మా, ఇంజను ఆపు. ఈ తలుపు నేను పాడుచేశాను."

మెకానిక్కు పందెం అయ్యాక చూసుకుందామన్నాడు. డాక్టరమ్మ వంగి పొక్కుల్ని పంటిని చూసినట్టు చూసింది. పుచ్చు మీద పూత పెట్టడం తనకీ చేతకాదంది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా అంటూ అమ్మమ్మే మొదటి బోల్టు వదులు చేసింది. పందేలన్నీ తిరిగి కారు ఇంటికొచ్చాక, వచ్చే ఏడాది తప్పకుండా తిప్పుతానని డాక్టరమ్మ అంటే తలూపింది.

వ్యాన్‌లో తలుపును రంగువైపు తనకి కనపడేట్టు పెట్టించుకుంది. షెడ్డుకొచ్చాక గోడకి ఆనించి, దూరం జరిగి చూసింది. కాస్త ఎండలోకి జరిపించి మళ్లీ చూసింది. తయారైన కారులో ఆవిడ తనివితీరా చూసుకున్నది ఆ తలుపొక్కటే. సగం రంగు వేస్తే కలవదు కాబట్టి తలుపంతా వలవాల్సిందే. తొడుగులేసుకుంది. కుంచె మందులో ముంచి, ఎత్తి, డబ్బా అంచుకి ఆనించి ఆగింది.

ఉండబట్టలేక అన్నాను. "ఒక్క చుట్టు తిరిగాక చెప్పుంటే ఏం పోయేది అమ్మమ్మా?"

"తిరిగినంతసేపూ ఆ మూడు పొక్కుల్నే చూసేదాన్ని. కారెక్కడ చూస్తాను? వాగింది చాలు, అంచుకి టేపెయ్యి."