కార్తీకం నెలా, తమ్ముడి రక్తమూ

మా తమ్ముడు తాగుతాడని గేట్ బజార్‌లో మా బట్టల కొట్టు మెట్టెక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు, మా అమ్మకు తప్ప. తెలియక కాదు, ఒప్పుకోదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "తాగుబోతైతే కార్తీకం నెల్లాళ్ళూ సుక్క ముట్టకుండా ఎలాగుంటాడే? సెప్పు!" అని నా మీదికే వచ్చేది.

ఒడిశాలోని మా బరంపురంలో కార్తీకమంటే మాంసం మానెయ్యడం, ఒడియా వాళ్ళ నెల ముగిసే పున్నమి మర్నాడు ఛాడఖాయి పండగని మాంసం కొట్ల ముందు బారులు తీరడం. తమ్ముడు మాంసంతోపాటు మందూ మానేసేవాడు. ఆ ఒక్క నెలా పట్టుకుని అమ్మ మిగతా పదకొండు నెలలూ వెనకేసుకొచ్చేది. చీర బేరానికొచ్చిన వాళ్ళకు కూడా ఆ గొప్ప చెప్పందే బిల్లు రాయనిచ్చేది కాదు.

ఆ ఏడు వాడికి అన్నం సయించడం మానేసింది. డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను, అమ్మ కూడా వచ్చింది. రక్తం పరీక్షలో, తాగుడుకు లివరు దెబ్బతింటే పెరిగే జి.జి.టి. అనే అంకె చాలా ఎక్కువగా ఉంది. ఇప్పుడు మానితే లివరు కోలుకుంటుంది, మానకపోతే మనిషి దక్కడని డాక్టరు ఒడియాలో అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. అమ్మ కూడా ఒడియాలోనే జవాబిచ్చింది: కార్తీకం వస్తోంది, అయ్యాక మళ్ళీ పరీక్ష చెయ్యండి, మావాడి సంగతి మీకే తెలుస్తుంది! నెల మానితే ఆ అంకె బాగా దిగాలని డాక్టరు ఒప్పుకున్నాడు. మధ్యలో చేతులు వణికితే మాత్రం వెంటనే రండి, మందులివ్వాలి అని మరీ మరీ చెప్పాడు.

పున్నమి నాడు రక్తం ఇచ్చాం. ఛాడఖాయి నాడు పొయ్యి మీద మాంసం ఉడుకుతుండగా రిపోర్టు తెచ్చాను. అంకె దిగలేదు సరికదా, పెరిగింది.

"ఎవరి రక్తమో ఇందులో కలిపేసుంటారు" అంది అమ్మ. ఆడలేక మద్దెల ఓడు! అది కాదంటే పంచాంగం అందుకుంది. "మన తెలుగు లెక్కని కార్తీకం దీపావళి ఎల్లేక కదే మొదలు? ఆడు మానడం అప్పుడే మొదలెట్టుంటాడు. ఒడియా లెక్కని పున్నంకి అయిపోయింది. పదిహేను రోజుల్లో రక్తం ఏటి బాగవుతాది?"

"లివరుకు పంచాంగం తెలుసా అమ్మా? పదిహేను రోజులైనా తగ్గాలి గానీ పెరగడమేమిటి?" అని అరిచాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కంచం ముందు కూర్చున్న తమ్ముడు తలెత్తలేదు. "మానీలేదక్కా. మొదట్లో మాని సూసేను. కొట్లో గుడ్డ కొలుస్తుంటే సేతులొణికిపోయేయి. కత్తెర పట్టుకోలేకపోయేను. గుక్కెడు పడితేనే ఆగింది. నిరుడు ఉండగలిగేను. ఈ ఏడు నా వల్ల కాలేదు."

అమ్మ గరిటె కింద పెట్టేసింది. "సేతులొణికితే రమ్మని డాక్టరు సెప్పేడు కదరా! ఎల్లకపోయేవా? నాకైనా సెప్పకపోయేవా?"

"ఎలాగ సెప్పనమ్మా? కొట్టుకొచ్చినోళ్ళందరికీ నా ముందరే సెప్పేదానివి, మావోడు కార్తీకం సుక్క ముట్టడని."

ఇద్దరినీ చెరో చెంపా వాయిద్దామన్నంత కోపం నాది. నాకు ఏడుపొచ్చింది.