బాల్టిక్ ఒడ్డున నేను తెచ్చిన బన్నులు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన ఏడాది వేసవి సెలవుల్లో, అమ్మానాన్నలు నన్ను బాల్టిక్ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరికి తీసుకెళ్ళారు. అప్పుడు మేం జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఉండేవాళ్ళం. హైదరాబాద్ నుంచి వచ్చి కుదురుకునేలోపే బడులు మూతబడ్డాయి. నేర్చుకున్న నాలుగు జర్మన్ మాటలూ ఇంట్లో కూర్చుని కూర్చుని నా గొంతులోనే ఉండిపోయాయి. ఎవరైనా పలకరిస్తే అమ్మ వెనక నక్కేదాన్ని. నా పేరు కూడా అమ్మే చెప్పేది. సెలవుల తరువాత కూడా నోరు విప్పకపోతే నన్ను అదే తరగతిలో ఉంచేస్తామని మా టీచర్ చెప్పింది. గాలి మారితే మాట వస్తుందేమోనని నాన్న ఆశ.

మేం దిగిన ఇల్లు ఒక పెద్దావిడది. పై గదులు అద్దెకిచ్చి, పొద్దున టిఫిన్ తనే పెట్టేది. మేం ఆవిడను ఇంటి అవ్వ అనుకునేవాళ్ళం. అమ్మ తెచ్చిన పచ్చడి సీసాకు తన జామ్ సీసాల పక్కనే చోటిచ్చింది. అమ్మ శానిటైజర్‌తో తలుపు పిడులన్నీ తుడుస్తుంటే ఏమీ అనుకోకుండా ఇంకో శుభ్రమైన గుడ్డ తెచ్చిచ్చింది.

మర్నాడు పొద్దున టిఫిన్‌కి కూర్చున్నాం. మిగతా గదులవాళ్ళ బల్లలూ మా బల్లా దూరం దూరంగా ఉన్నాయి. అవ్వ నా చేతిలో ఒక ఖాళీ గుడ్డసంచి, కొంత చిల్లర పెట్టి నాన్నతో జర్మన్‌లో ఏదో చెప్పింది.

"ఏమంటుంది?" అంది అమ్మ.

"ఈ ఇంటి పద్ధతి అంట. పిల్లలుంటే బన్నులు వాళ్ళే తేవాలంట. ఆ మలుపు తిరిగితే బేకరీ."

"ఒక్కతే ఎట్ల పోతది? నోరు తెరిచి నీళ్ళు గూడ అడగదు!"

"యాడ అడుగుతది? దూప కాకముందే ఇస్తుంటివి గదా."

అమ్మ లేవబోయింది. అవ్వ ఒక ఉడికించిన గుడ్డుకు ఉన్ని టోపీ తొడిగి అమ్మ రెండు చేతుల మధ్యా పెట్టింది. పిల్ల తిరిగి వచ్చేదాకా ఇది చల్లారకూడదు, నువ్వు లేవకూడదు అంటోందని నాన్న చెప్పాడు. పెద్దావిడ మాట కాదనలేక అమ్మ ఆ గుడ్డును పట్టుకుని కూర్చుంది.

బేకరీలో నా వంతు వచ్చింది. మాస్కు లోపల పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. అలవాటుగా వెనక్కి చూశాను. అమ్మ లేదు. కౌంటర్ వెనకాల ఆవిడ కాసేపు చూసి, నా వెనకున్న మనిషి వైపు తిరిగింది. ఉత్త సంచితో ఇంటికి పోతానేమో అనిపించింది. అంతే, "టాంటే!" అని అరిచాను. అంటే పిన్ని. మనవైపు తెలియని ఆడమనిషిని ఇంకెలా పిలుస్తాం? అక్కడ మాత్రం ఎవరూ అలా పిలవరు. వరుసలో అందరూ నావైపు చూశారు.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంత చక్కటి జడల కూతురుందని మా అక్క నాకు చెప్పనే లేదే!"

అందరూ నవ్వారు. వింత ఏమిటంటే, నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే మాట కూడా బయటపడింది. పది బన్నులు కావాలన్నాను. గసగసాలు చల్లినవా, మామూలువా అని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు నాకెవరూ జవాబు నేర్పి పంపలేదు. గసగసాలవే, అన్నీ అవే అని గట్టిగా చెప్పాను.

వెచ్చటి సంచిని గుండెకు హత్తుకుని వీధి నడిమధ్యన పరుగెత్తాను. లోపలికి అడుగు పెట్టగానే అవ్వ చెంచాతో పళ్ళెం మీద కొట్టింది. దూరం దూరంగా కూర్చున్న వాళ్ళంతా తమ పళ్ళేలూ మోగించారు. ఆ మోతలో రాణిలా నడిచి మా బల్ల దగ్గరికి వచ్చాను.

అమ్మ కళ్ళనిండా నీళ్ళు. "ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?"

"అన్నరు. నేను గూడ అన్న."

ఆ ఇంట్లో అలాంటి పద్ధతేదీ లేదని, ఆ పొద్దుటి బన్నులు అప్పటికే వంటింట్లో ఉన్నాయని నాన్న చాలా ఏళ్ళకు చెప్పాడు. బడి తెరిచాక నేను పై తరగతిలోనే కూర్చున్నాను. ఆ ఏడాది మా టీచర్ నన్ను కసిరిందంటే, అది ఎక్కువ మాట్లాడుతున్నందుకే.

ఇప్పుడు నాకూ ఒక పాప. అమ్మ భయాలన్నీ, ఒక్కటీ తగ్గకుండా నాకు వచ్చాయి. పార్కులో ఎవరైనా పాప పేరు అడిగితే జవాబు ముందు నా నాలుక మీదికే వస్తుంది. పెదవులు బిగించి ఆగుతాను. అంతలో నా మోకాలి పక్కనుంచి సన్నగా ఒక గొంతు లేస్తుంది.