దూప లేని నూలు

ఈ ఏడు వానలు మొదలైనప్పుడు మా మనవరాలు కరీంనగర్ నుంచి లక్సెట్టిపేటకు వస్తూ, వంగ మొక్క పెరుగుతున్న చిన్న కుండీ ఒకటి పట్టుకొచ్చింది. చేతిలోకి తీసుకుంటే చెక్కలా గట్టిగా ఉంది గానీ పెద్దగా బరువు లేదు. దాన్ని కుండీతో సహా పెరట్లో పాతేయమంది. ప్లాస్టిక్ సంచి విప్పకుండా నాటిన మొక్కల గతి ఎరిగినదాన్ని కనుక, నీ చదువు చట్టుబండలు కానూ అని ముద్దుగా తిట్టాను. అది నవ్వి, ఆ కుండీ తమ కాలేజీలో చేసిందేననీ, పత్తికట్టె పొడిని పాలిస్టర్‌తో కలిపి అచ్చుపోశామనీ చెప్పింది. పత్తీ పాలిస్టరూ అతుక్కోవడమా! ఆ రెండూ ఒక తీరువి కావని మా బాపు తెలుసుకున్న రోజు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

అమ్మానాన్నల్ని మేం అవ్వా, బాపూ అనేవాళ్లం. బాపు గుంట మగ్గం మీద నూలు నేసిన మనిషి. ఆ రోజుల్లో మా వాడలో తెల్లవారితే చాలు, వీధి పొడవునా నిలువు పోగుల పడుగు చాచి, కుంచెలతో గంజి పట్టించేవారు. నూలు పోగు గంజి తాగితేనే మగ్గం దెబ్బకు ఓర్చుకుంటుంది మరి. పడుగు ఎవరిదైనా వాడంతా తలా ఒక చెయ్యి వేసేది, మా అవ్వ కాచిన గంజికైతే పక్క వాడల్లో కూడా పేరుండేది. ఇంతలో కరెంటు మగ్గాలు వచ్చిపడ్డాయి, మేం సాంచాలు అనేవాళ్లం వాటిని. గుంట మగ్గానికి పని కరువై ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైన సమయంలో, ఊళ్లో సేటు ఒకాయన తన సాంచా మీద బాపుకు పని ఇస్తానన్నాడు. ముందుగా ఒక పాలిస్టర్ పడుగు ఇంటికి పంపి, సాంచాకు ఎక్కించేలా చక్కబరిచి తెమ్మన్నాడు. అది పాడైతే మాత్రం సాంచా ఇంకొకరికి పోతుందని మొహమాటం లేకుండా చెప్పాడు.

అలవాటు ఎంత పని చేస్తుందో చూడండి. బాపు ఆ పడుగును కూడా వీధిలో చాచాడు, అవ్వ గంజి కాచింది, వాడంతా కదిలొచ్చింది. దారం మెరుపుకు మురిసిపోయి, ఎప్పటికన్నా కాస్త ఎక్కువే గంజి పట్టించారు. ఎండ ఎక్కేసరికి ఆ గంజి దారంలోకి ఇంకకుండా పోగుల నడుమ పెళ్లలు పెళ్లలుగా ఎండిపోయింది. కదిపితే కొంత రాలుతోంది, కొంత పోగుల్ని చిక్కుపెడుతోంది. బాపు అరుగు మీద కూలబడి, "ఖరాబైంది. ఇగ సాంచా మనకు రాదు" అన్నాడు.

అవ్వ బిందెడు నీళ్లు తెచ్చి పడుగు మీద కుమ్మరించబోయింది. గంజి పట్టిన నూలు పడుగును తడిపితే గంజి పోయి పోగులు తెగుతాయని తెలిసినవాళ్లు కదా, అందరూ వద్దు వద్దని కేకలేశారు. "గంజే తాగంది, నీళ్లు తాగుతదా?" అంటూ ఆవిడ పోసేసింది. గంజి కరిగి కారిపోయింది, నీళ్లు చేమ ఆకు మీద జారినట్టు జారిపోయాయి. ఇక చూడాలి, వాడలో ఆడవాళ్లంతా బిందెలందుకున్నారు! కాసేపటికే ఆ పడుగు ఆరి, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తళతళలాడుతుంటే పిల్లలం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. బాపు దాన్ని వేళ్లతో నిమిరి, "దీనికి దూప లేదే" అన్నాడు. దూప అంటే మా వైపు దాహం. సాంచా మాకే దక్కింది, మా పొయ్యి వెలిగింది.

తర్వాత ఆ మొదటి బట్టలో మిగిలిన పీలికతో బాపు బీరతీగను పందిరికి కట్టాడు. తీగలు ఎన్నో ఎండి మన్నయ్యాయి గానీ పీలిక మాత్రం చెక్కుచెదరలేదు. ఒకసారి పాదులో కప్పబడిపోయిన దాన్ని తవ్వి తీసి, దులిపి నా చేతిలో పెడుతూ, "దూప లేనిది మన్నుల కలువదు బిడ్డా" అన్నాడు. అన్నం పెట్టిన దారమని గౌరవమూ, ఎందుకో చిన్న దిగులూ రెండూ ఉన్నాయి ఆ మాటలో.

పాలిస్టర్లన్నీ ఒకటి కావట, మనవరాలు చెప్పింది. ఈ కుండీలోది, మక్కజొన్నల చక్కెర తిని కంటికి కనిపించని జీవులు తమ ఒంట్లో కొవ్వులా దాచుకునే పాలిస్టరట. మన్నులోని జీవులకు అది మళ్లీ తిండి అవుతుందట. "పత్తికట్టె పొడి దానితోని ఊకెనే కలువలే అమ్మమ్మా, ఎన్ని కుండీలు పలిగినయో" అంది. చివరకు పొడికి పల్చని పూత ఒకటి పట్టించాక గానీ రెంటికీ స్నేహం కుదరలేదట. పూత అనగానే నాకు అవ్వ గంజికుండ గుర్తొచ్చింది.

వానలు వెనకబట్టాయి కదా అని నిన్న పొద్దున వంగచెట్టు మొదట్లో తవ్వి చూశాను. కుండీ గోడల్ని చీల్చుకుని వేళ్లు బయటికి పాకాయి, మిగిలిన పెంకును రెండు వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలిపోయింది. మట్టి చేతులతోనే లోపలికి వెళ్లి పెట్టెలోంచి బాపు ఇచ్చిన పీలిక తీశాను. నీళ్లు పోసిన అవ్వా, నేసిన బాపూ ఎప్పుడో మన్నులో కలిసిపోయారు, మా వాడలో ఇప్పుడు గంజి వాసన ఎరిగిన పిల్లలు లేరు, ఆ పీలిక మాత్రం నిన్న నేసినట్టే మెరుస్తోంది. దాన్ని ఒక చేత్తో, కుండీ పొడి కలిసిన పెరటి మన్ను ఇంకో చేత్తో పట్టుకుని గడపలో కూర్చున్నాను. ఈ కుండీలోని పాలిస్టర్‌కు దూప ఉంది బాపూ అని చెప్పాలనిపించింది, వినడానికి ఆయన లేడు.