ఆ రోజు పసుపు అడగలేదు, సత్యం

నిన్న మధ్యాహ్నం సత్యం వాళ్ల ఇంటి నుంచి, సరోజ వదిన నంబర్‌తో ఫోన్ వచ్చింది. ఎత్తితే వాళ్ల అబ్బాయి కిరణ్.

"అంకుల్, డాడీ ఈ మార్నింగ్ పాస్ అవే అయ్యారు."

ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లి నిలబడ్డాను. ఎందుకు వెళ్లానో తెలియదు.

సత్యానికి అన్నవాహిక క్యాన్సర్ అని మీ అందరికీ తెలుసు. ఇంత తొందరగా పోతాడని అనుకోలేదు.

కిరణ్ ఇంకో మాట చెప్పాడు.

"ఎప్పుడైనా త్రోట్ కాలిందా అని డాక్టర్ అడిగారు అంకుల్. ఎయిటీస్‌లో ఒకసారి, నేనే చూసుకోకుండా తాగాను అన్నారు డాడీ."

సత్యం తప్పు కాదు.

అందుకే మన గ్రూపులో ఇది రాస్తున్నాను. నలుగురిలో మాట్లాడలేను. రాస్తే అయినా బయటికి వస్తుందేమో.

మిషిగన్‌లో ఇద్దరం ఒకే ప్లాంట్‌లో చేసేవాళ్లం. అతను విడిభాగాలు తయారుచేసే టూల్ రూమ్‌లో, నేను ప్యాకింగ్‌లో. అతను డిప్లొమా చదివినవాడు. నాది ఊరి బడి చదువు. అక్క స్పాన్సర్ చేస్తే వచ్చాను. ఇంగ్లీష్ రాదు, తెలుగులోనూ పెద్దగా మాట్లాడేవాణ్ని కాదు.

"మూగోడా" అని పిలిచేవాడు. ఆ పిలుపు నాకు ఇష్టం.

ఆ రోజుల్లో బార్‌కి వెళ్తే మమ్మల్ని వింతగా చూసేవారు.

"మన బార్ మనమే పెట్టుకుందాం రా" అన్నాడు సత్యం. ఎవరో పారేసిన ఫ్రిజ్ తెచ్చి వాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో పెట్టాడు. దాని తలుపుకి కన్నం వేసి ట్యాప్ బిగించాడు. లోపల బీరు పీపా.

కొన్నాళ్లకి బీరు పుల్లగా రావడం మొదలైంది. పీపా నుంచి ట్యాప్ దాకా వచ్చే గొట్టంలో పాచి పట్టింది. కడిగే మెషీన్ కొనే స్తోమత మాకు లేదు.

సత్యం హార్డ్‌వేర్ షాపులో చెట్లకి మందు కొట్టే చేతిపంపు కొన్నాడు. మా ఊళ్లో మిరప తోటలకి కొట్టే పంపు లాంటిదే. దాని మూతి కోసి, టూల్ రూమ్‌లో ఒక ఇత్తడి ముక్క తయారుచేసి తగిలించాడు. ట్యాప్ విప్పి అక్కడ దాన్ని బిగించేవాళ్లం. బార్‌లలో వాడే కడిగే పొడి నీళ్లలో కలిపి గొట్టంలోకి కొట్టేవాళ్లం. కాసేపు ఆగి, మంచినీళ్లు కొట్టేవాళ్లం.

ఆ పొడి క్షారం. చేతికి తగిలితే మండేది.

అది పూర్తిగా పోయిందని తెలిసేది ఎలా? సత్యం తల పట్టుకున్నాడు.

నేను చెప్పాను. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది కదా, ఇదీ అంతే అవుతుందేమో అని. తెల్ల కాగితం పసుపు నీళ్లలో ముంచి, ఆరబెట్టి, ముక్కలు కోశాను. బయటికొచ్చే నీళ్లలో పెడితే ఎర్రబడింది. ఇంకా కొట్టాం. పసుపు పసుపుగానే ఉండిపోయింది.

సత్యం పైకి అరిచాడు. "సరోజా, ఇటు రా! మూగోడు సైంటిస్టు అయ్యాడు!"

ఈ దేశంలో నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి.

అప్పటినుంచి కడిగే పని నాది. కడిగాక మొదటి గ్లాసు మాత్రం సత్యానిది. "ముందు నా గొంతు దిగాలి, తర్వాతే చుట్టాలకి" అనేవాడు.

ఒక జులైలో సత్యం వాళ్ల పెరట్లో పార్టీ. జనం అప్పుడే వచ్చేస్తున్నారు. నేను కింద గొట్టం కడుగుతున్నాను. చూస్తే పసుపు కాగితాలు అయిపోయాయి.

పసుపు పైన వంటగదిలో ఉంది. వంటగది నిండా ఆడవాళ్లు. మెట్లు ఎక్కాను. తలుపు దాకా వెళ్లాను. లోపల నవ్వులు. గుమ్మం దాటలేకపోయాను. వదినని పిలిచి చిటికెడు పసుపు అడగడానికి నాకు నోరు రాలేదు.

దిగి వచ్చేశాను. తొందరలో పంపు అడుగున మిగిలిన పొడి నీళ్లు పారబోయకుండానే నీళ్లు పోసి కొట్టాను. వేళ్లతో తాకి చూశాను. బాగానే ఉందనుకుని ట్యాప్ బిగించేశాను.

సత్యం వచ్చి గ్లాసు పట్టాడు. వేసవి దాహం. పెద్ద గుక్క వేశాడు.

ఆ మొహం నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

హాస్పిటల్‌లో గొంతు పెగలక సైగ చేసి నన్ను దగ్గరికి పిలిచాడు. గుసగుసగా ఒకటే అడిగాడు. "కాగితం చూశావా?"

తల ఊపాను. చూశానని.

"అయితే నీ తప్పేం లేదు రా" అన్నాడు. వదినతో మాత్రం, మూగోడు ఇంకా కడుగుతుంటే నేనే తొందరపడి తాగేశాను అని చెప్పాడు.

తర్వాత ఆ ఫ్రిజ్ తీసేశాడు. నన్ను మాత్రం భోజనానికి పిలవడం మానలేదు.

మీరంతా అతన్ని ఆటపట్టించేవారు. "సత్యం గారి ప్లేటు ఖాళీ అయ్యేసరికి మేం ఇంటికెళ్లి నిద్ర లేస్తాం" అని. అతనూ నవ్వేవాడు. ముద్ద దిగక నెమ్మదిగా తినేవాడు. అది నా వల్ల. నలభై ఏళ్లు పక్కన కూర్చుని మీతో పాటు నేనూ నవ్వాను.

ఈ జబ్బు దానివల్లేనా? డాక్టర్లు కచ్చితంగా చెప్పలేరట. కాదని కూడా నాకు ఎవరూ చెప్పలేరు.

పోయిన నెల ఫోన్ చేశాను. చెప్పేద్దామనే.

"ఏరా మూగోడా, ఏమన్నా చెప్పాలా?" అన్నాడు.

"ఏం లేదు. తిన్నావా?" అన్నాను.

నీళ్లు కూడా దిగని మనిషిని తిన్నావా అని అడిగాను.

సరోజ వదినా, రేపు వస్తాను. మీరు తలుపు తీయకపోతే బయటే నిలబడతాను. గుమ్మం దగ్గర ఆగిపోవడం నాకు అలవాటే.

సత్యం, కాగితం చూడలేదు రా. కాగితాలు అయిపోయాయి. పసుపు అడగడానికి సిగ్గుపడ్డాను.

వెళ్లిరా. ఇక నీ గొంతులో మంట ఉండకూడదు. చల్లగా పడుకో.